సీఎంఎఫ్ ఫోన్ 1: తొలి చూపులో ఎలా ఉంది, ఇంటికొచ్చేసరికి ఎంతవుతుంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: 2024 జూలైలో వరుసగా మూడు రోజుల్లో మూడు కొత్త 5జీ ఫోన్లు మన మార్కెట్‌లోకి వచ్చాయి. 8న సీఎంఎఫ్ ఫోన్ 1, 9న రెడ్‌మీ 13 5జీ, 10న మోటో జీ85 5జీ. విడుదల ధరల ప్రకారం మూడూ 14 వేల నుంచి 20 వేల లోపు ఫోన్లే. ఇదే నెల 3, 4 తేదీల్లో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా రీచార్జ్ ధరలు పెంచేశాయి. కొత్త ఫోన్ మీద ఆశ, రీచార్జ్ బరువు రెండూ ఒకే నెలలో ఇంటి మీద పడ్డాయి.

మన ఇళ్లల్లో 16 వేలు, 18 వేలు అంటే చిన్న మొత్తం కాదు. ఒక ఫోన్ కొంటే నాలుగేళ్లు నడవాలి. పిల్లల క్లాసులు, అబ్బా దుకాణం యూపీఐ, అమ్మీ వాట్సాప్, గల్ఫ్‌లో ఉన్న భాయ్‌తో వీడియో కాల్... అన్నీ దాని మీదే. అందుకే ఈ మూడింట్లో ఎక్కువమంది అడుగుతున్న సీఎంఎఫ్ ఫోన్ 1 గురించి వివరంగా, మిగతా రెండింటి గురించి పోలిక కోసం ఇక్కడ ఇస్తున్నాం. చివర్లో డబ్బు లెక్క ఉంది. అది మాత్రం వదలకుండా చదవండి.

ఎవరిదీ కంపెనీ?

లండన్ కేంద్రంగా కార్ల్ పే మొదలుపెట్టిన కంపెనీ నథింగ్. వెనక అద్దంలో లైట్లు వెలిగే ఫోన్లతో దానికి పేరొచ్చింది. తక్కువ ధర వస్తువుల కోసం ఆ కంపెనీ 2023లో తెచ్చిన బ్రాండ్ పేరే సీఎంఎఫ్. మొదట ఇయర్‌బడ్స్, వాచీలు, చార్జర్లు వచ్చాయి. ఆ బ్రాండ్‌లో వచ్చిన మొదటి ఫోన్ ఇదే.

2024 జూలైలో విడుదలైనప్పుడు ధర 6 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీకి 15,999 రూపాయలు ఉండేది. 8 జీబీ, 128 జీబీ అయితే 17,999. విడుదల సమయంలో కొన్ని బ్యాంకు కార్డుల మీద వెయ్యి తగ్గింపు ఇచ్చారు. కార్డు లేనివాళ్లకు ఆ తగ్గింపు లేదు. కాబట్టి ప్రకటనలో కనిపించే తక్కువ ధరను మీ ధర అనుకోవద్దు.

చేతిలోకి తీసుకుంటే

మొదట కనిపించేది వెనక భాగం. బయటికి కనిపించే స్క్రూలు, కింద ఒక మూల గుండ్రటి బిళ్ల. స్క్రూలు విప్పి వెనక కవర్ మార్చుకోవచ్చు. బిళ్ల తీసేసి అక్కడ స్టాండు, తాడు, కార్డు పెట్టుకునే పర్సు తగిలించుకోవచ్చు. ఈ మధ్య వచ్చే ఫోన్లన్నీ ఒకే అచ్చులా ఉంటున్నాయి కాబట్టి ఇది వేరుగా కనిపిస్తుంది. కుర్రాళ్లకు నచ్చేది కూడా ఇదే.

కానీ ఒక మాట. విడుదల సమయంలో వెనక కవర్ విడిగా కొంటే 1,499 రూపాయలు, స్టాండు లాంటివి ఒక్కోటి 799 ఉండేవి. కవర్ ఊడుతుంది కదా అని పాత నోకియా లాగా బ్యాటరీ తీసి మార్చుకోవచ్చనుకుంటే పొరపాటు. బ్యాటరీ లోపల బిగించే ఉంటుంది.

నలుపు, లేత ఆకుపచ్చ రంగులవి 8 మిల్లీమీటర్ల మందం, 197 గ్రాముల బరువు. నీలం, నారింజ రంగుల వాటికి తోలు లాంటి పూత ఉంటుంది, అవి కొంచెం మందం. ఒళ్లంతా ప్లాస్టిక్కే. గాజు కాదు కాబట్టి వెనక వైపు పగులుతుందన్న భయం తక్కువ. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మంచిదే.

తెర, వేగం, బ్యాటరీ

6.67 అంగుళాల అమోలెడ్ తెర, 120 హెర్ట్జ్. ఈ ధరలో దీని అసలు బలం ఇదే. నలుపు నిజంగా నల్లగా కనిపిస్తుంది, వేలితో జరిపితే ఆగకుండా సాగుతుంది. అక్షరాలు స్పష్టంగా ఉంటాయి కాబట్టి డీఎస్సీ, గ్రూప్స్ పీడీఎఫ్‌లు గంటల తరబడి చదివేవాళ్లకు పనికొస్తుంది. వేలిముద్ర తెర మీదే పెట్టాలి. పొలం పని, మెకానిక్ పని చేసి వేళ్లు గరుకెక్కినవాళ్లు కొనేముందే నాలుగైదుసార్లు పెట్టి చూసుకోవాలి.

లోపల మీడియాటెక్ డైమెన్సిటీ 7300 ప్రాసెసర్. ఈ ధరలో గట్టిదే. విడుదలైనప్పుడు ఆండ్రాయిడ్ 14 మీద నథింగ్ సొంత సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది, అక్కర్లేని యాప్‌ల గోల తక్కువ. రెండుసార్లు కొత్త ఆండ్రాయిడ్, మూడేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ చెప్పింది. అంటే 2027 వరకు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ వాడే ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్ అంటే ఇంటికి తాళం లాంటిది. ఏ ఫోన్ కొన్నా ఈ సంగతి అడగాలి.

బ్యాటరీ 5,000 ఎంఏహెచ్, చార్జింగ్ 33 వాట్లు. కానీ డబ్బాలో చార్జర్ అడాప్టర్ లేదు, వైరు మాత్రమే ఉంటుంది. ఇంట్లో వేరే కంపెనీ అడాప్టర్ ఉంటే దాంతో చార్జ్ అవుతుంది గానీ వేగం తగ్గొచ్చు. మంచి టైప్-సీ అడాప్టర్ లేనివాళ్లు దాని ఖర్చు కూడా కలుపుకోవాలి.

లేనివి ఏంటి?

కెమెరా విషయంలో వెనక 50 మెగాపిక్సెల్‌ది ఒకటే అసలు కెమెరా. రెండోది పోర్ట్రెయిట్ ఫొటోల్లో వెనక భాగాన్ని మసక చేయడానికే. వెడల్పుగా తీసే అల్ట్రా వైడ్ లేదు. నికాహ్‌లో ఖాందాన్ మొత్తాన్ని ఒకే ఫొటోలో పట్టాలంటే నాలుగడుగులు వెనక్కి వెళ్లాల్సిందే. ముందు కెమెరా 16 మెగాపిక్సెల్, వీడియో కాల్‌కి చాలు.

స్పీకర్ ఒక్కటే. తిలావత్, బయాన్లు, క్లాసులు ఫోన్ పెట్టి ఇంట్లో నలుగురు వినే అలవాటుంటే ఇది లోటే. ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే రంధ్రం లేదు. ఎన్ఎఫ్‌సీ కూడా లేదు. మన దగ్గర చాయ్ బండి నుంచి బట్టల షాపు దాకా క్యూఆర్ కోడే కాబట్టి ఎన్ఎఫ్‌సీ లేకపోయినా పెద్దగా నష్టం లేదు.

మెమరీ కార్డు పెట్టుకోవచ్చు. అయితే రెండు సిమ్‌లు గానీ, ఒక సిమ్ ఒక కార్డు గానీ, ఏదో ఒకటే. జియో, బీఎస్ఎన్ఎల్ రెండు సిమ్‌లు వాడేవాళ్లకు కార్డుకు చోటుండదు.

నీళ్ల విషయంలో ఐపీ52 అంటే దుమ్ము నుంచి కొంత రక్షణ, పైనుంచి పడే చుక్కల నుంచి రక్షణ. అంతే. భూపాలపల్లి బొగ్గు దుమ్ములో, మహబూబాబాద్ మిర్చి కల్లాల్లో తిరిగేవాళ్లకు దుమ్ము రక్షణ పనికొస్తుంది. కానీ వుజూ చేసే చోట హౌజ్‌లో పడితే బతుకుతుందని ఏ భరోసా లేదు.

పక్కన ఉన్న రెండూ

రెడ్‌మీ 13 5జీ విడుదల ధర 6 జీబీకి 13,999, 8 జీబీకి 15,499. 6.79 అంగుళాల పెద్ద తెర. కానీ అది ఎల్‌సీడీ, అమోలెడ్ కాదు. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 ప్రాసెసర్ సీఎంఎఫ్‌లో ఉన్నదాని కంటే తక్కువ స్థాయిది. 108 మెగాపిక్సెల్ కెమెరా. ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది, టీవీ రిమోట్‌గా పనిచేస్తుంది, డబ్బాలోనే 33 వాట్ల చార్జర్ వస్తుంది. వేలిముద్ర పక్క బటన్ మీద. పెద్ద అక్షరాలు కావాల్సిన అమ్మీకో, నానాకో ఇది సులువు.

మోటో జీ85 5జీ విడుదల ధర 8 జీబీ, 128 జీబీకి 17,999. 12 జీబీ, 256 జీబీకి 19,999. అంచులు వంగిన పీఓలెడ్ తెర, రెండు స్పీకర్లు, అల్ట్రా వైడ్ కెమెరా, చేయి వణికినా ఫొటో చెదరకుండా ఆపే ఓఐఎస్ ఉన్నాయి. వంగిన తెర చూడముచ్చటగానే ఉంటుంది. పగిలితే మార్చడం, గ్లాసు అంటించడం మాత్రం చదును తెరకున్నంత సులువు కాదు.

మన ఊళ్లో 5జీ

దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. అంతకుముందు ఆగస్టులో ముగిసిన వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలు కొన్నది జియో ఒక్కటే. తక్కువ తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలు దాటుతాయి. దీన్నే ఎన్28 బ్యాండ్ అంటారు. జియో వాడేవాళ్లు ఏ 5జీ ఫోన్ కొన్నా ఎన్28 ఉందో లేదో చూసుకోవాలి.

జనగామ టౌన్‌లో ఉండేవాళ్ల అవసరం వేరు, కొత్తగూడ, గంగారం అడవి వైపో, కాటారం, మహాదేవ్‌పూర్ వైపో ఉండేవాళ్ల అవసరం వేరు. ఫోన్ కొనేముందు మీ గల్లీలో, మీ ఇంట్లోపల ఏ సిమ్‌కి సిగ్నల్ వస్తుందో పక్కింటివాళ్ల 5జీ ఫోన్‌లో చూడండి. సిగ్నల్ లేని చోట 5జీ ఫోన్ కూడా 4జీ ఫోనే.

అసలు లెక్క ఇక్కడుంది

మొదటిది రీచార్జ్. జియోలో ఇంతకుముందు 28 రోజుల 239 ప్లాన్‌కే అపరిమిత 5జీ వచ్చేది. 2024 జూలై 3 నుంచి రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే అది ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు 28 రోజులకు అలాంటి ప్లాన్ 349 ఉండేది. ఏడాదికి 13 రీచార్జ్‌లు అవుతాయి. పాత లెక్కలో 3,107 రూపాయలు, కొత్త లెక్కలో 4,537. తేడా 1,430. మూడేళ్లకు రీచార్జ్ ఒక్కటే 13,611 అవుతుంది. ఫోన్ ధరకు దగ్గర దగ్గరే! ఇంట్లో వైఫై ఉంటే, బయట 5జీ అవసరం లేకుంటే చిన్న ప్లాన్‌తో సరిపెట్టుకోవచ్చు.

రెండోది ‘నో కాస్ట్ ఈఎంఐ’. పేరు చూసి వడ్డీ లేదనుకుంటాం. లోపల జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గిస్తారు. ఉదాహరణకు 18,000 ఫోన్, ఆరు నెలలు, నెలకు 3,000, వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం. అప్పు దాదాపు 17,238గా రాసుకుంటారు, మిగతా 762 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 137 రూపాయలు, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే దాని మీద కూడా జీఎస్టీ పడి 235 అవుతుంది. మొత్తం 372 అదనం. సున్నా శాతం వడ్డీ పథకాల్లో వడ్డీని వేరే పేర్లతో దాస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులను హెచ్చరించింది.

మన ఇళ్లల్లో ఇది 372 రూపాయల సంగతి మాత్రమే కాదు. సూద్‌కు దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు కాగితం మీద వడ్డీ ఉందన్న సంగతి తెలుసుకునే నిర్ణయం తీసుకోవాలి. సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడగండి, పై లెక్క ఆయనకు చూపించండి. నెలకు మూడు వేలు కట్టగలిగే ఇల్లు అదే మూడు వేలు ఆరు నెలలు పక్కన పెట్టి నగదుకు కొనొచ్చు. అప్పటికి ధర కూడా కొంత దిగే అవకాశం ఉంటుంది. తప్పదంటే ఖాందాన్‌లోనే ఖర్జె హసనా అడగడంలో తప్పు లేదు.

మూడోది బిల్లు. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. 17,999 ఫోన్‌లో అసలు ధర 15,253, పన్ను 2,746. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే ఒప్పుకోవద్దు. వారంటీకి ఆ కాగితమే ఆధారం. ఫోన్ పోతే పోలీస్ స్టేషన్‌లో చూపించాల్సింది కూడా అదే.

కొనేటప్పుడు చేయాల్సినవి

- *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్, డబ్బా మీది నంబర్, బిల్లు మీది నంబర్ ఒకటే ఉండాలి.
- కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబర్ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోన్‌కి ఇది తప్పనిసరి.
- ఫోన్ పోతే సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించవచ్చు. ముందు పోలీసు ఫిర్యాదు చేయాలి.
- సర్వీస్ సెంటర్ హన్మకొండలో ఉందా, హైదరాబాద్ దాకా పోవాలా అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లో ముందే చూడండి. భూపాలపల్లి నుంచి పోయి రావాలంటే ఒక రోజు కూలీ పోయినట్టే.
- జీబోర్డ్ కీబోర్డులో తెలుగు, ఉర్దూ రెండూ పెట్టించుకోండి. స్పేస్ బటన్ నొక్కి పట్టుకుంటే భాష మారుతుంది.
- మోసం జరిగిందనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

ఎవరికి ఏది?

చదువుకునే పిల్లలకు, ఒకే సిమ్ వాడేవాళ్లకు, ఇంట్లో ఇప్పటికే మంచి చార్జర్ ఉన్నవాళ్లకు సీఎంఎఫ్ ఫోన్ 1 బాగుంటుంది. తెర, వేగం ఈ ధరకు మించే ఉన్నాయి. కొంటే 8 జీబీదే మేలు, నాలుగేళ్లు నడవాలి కదా. పెద్దవాళ్లకు, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లకు రెడ్‌మీ చాలు. ఫొటోలు, సౌండ్ ముఖ్యమైతే మోటో చూడండి. హజ్‌కు దరఖాస్తు చేసే పెద్దలున్న ఇంట్లో 2024లో వచ్చిన హజ్ సువిధ యాప్ నడవడానికి ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది పెద్ద తెర, నిలిచే బ్యాటరీ, దాన్ని నేర్పించే ఓపికున్న మనవడో మనవరాలో.

ఇప్పుడున్న ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూ, బ్యాటరీ సాయంత్రం దాకా నిలుస్తుంటే అసలు కొత్తది కొనకపోవడమే అన్నిటికంటే పెద్ద పొదుపు.