ఆనవాలు పట్టే ఆట: కొల్లేటి ప్రాంత బడుల్లో ఇంగ్లీషు వర్ణన బోధన

మనిషి రూపురేఖలను ఇంగ్లీషులో చెప్పించే పాఠం మన బడుల్లో తరచు పదాల పట్టికతో మొదలై పట్టికతోనే ముగుస్తుంది. పొడుగు, పొట్టి, ఉంగరాల జుట్టు, గడ్డం అంటూ పిల్లలు అప్పజెబుతారు. ఎవరికి, ఎందుకు చెబుతున్నారన్నది మాత్రం ఉండదు. నిజానికి వర్ణనతో పనిపడేది ఎక్కువగా ఒకరిని పదిమందిలోంచి వేరు చేయడానికే. పదో తరగతి రికార్డుల్లో పుట్టుమచ్చలు రాయించేదీ అందుకే. కాబట్టి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాల బడుల్లో వర్ణన ఆట ఫలించాలంటే, అందులోని బొమ్మలూ ప్రశ్నలూ ఆ ప్రాంతపు ఆనవాళ్ళ మీద నిలబడాలి.

ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు కేంద్రంగా మొదలుపెట్టిన బోధనా ప్రయోగం ఈ వాదనకు ఆధారం. ఆ ప్రయోగం చెప్పేదేమిటంటే, ఒకరికి తెలిసినది మరొకరికి తెలియనప్పుడు, ఆ తేడాను పూడ్చడానికి మాట అవసరమవుతుంది. ఉన్న సమాచారంలోంచి తర్కంతో కొత్తది తేల్చాల్సి వచ్చినప్పుడు ఆలోచన మరింత పదునెక్కుతుంది. ‘గెస్ హూ’ ఆటలో ఈ రెండూ ఉన్నాయి. 24 ముఖాల్లో ఎదుటివారు దాచిన ఒక్కదాన్ని అవును, కాదు అనే జవాబులతోనే పట్టుకోవాలి. ప్రతి ప్రశ్నా మిగిలినవారిని సగానికి తగ్గిస్తే 24 కాస్తా 12, ఆపై 6, ఆపై 3 అవుతాయి. ఐదు ప్రశ్నల్లోపే మనిషి దొరుకుతాడు. ఆ ఆటలో జుట్టు రంగు మంచి ప్రశ్న. కొల్లేటి దగ్గరి కైకలూరు పిల్లల బొమ్మలతో ఆడితే అదే ప్రశ్న ఒక్కరినీ తొలగించదు, ఎందుకంటే అందరిదీ నల్లజుట్టే. ఇక్కడ మనుషుల్ని విడదీసేవి వేరు: రెండు జడలా ఒంటిజడా, తలలో పూలున్నాయా, మీసముందా, కళ్ళజోడుందా, తలకు తువ్వాలు చుట్టారా. కొల్లేట్లో దోనె నడిపే మనిషి, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తా మోసే కూలీ, ఏలూరులో తివాచీ నేసే స్త్రీ బొమ్మలుగా వస్తే ఈ తేడాలన్నీ సహజంగా అమరుతాయి.

వ్యాకరణానికీ ఇదే మేలు. ‘అతనికి గడ్డం ఉంది’, ‘కళ్ళజోడు పెట్టుకున్నాడు’ అనే తెలుగు అలవాటు మీద పిల్లలు ‘హి ఈజ్ హ్యావింగ్ బియర్డ్’, ‘హి కెప్ట్ స్పెక్స్’ అంటారు. ఆటలో ‘డజ్ హి హ్యావ్ ఎ బియర్డ్?’, ‘ఈజ్ హి వేరింగ్ గ్లాసెస్?’ అన్న ప్రశ్నలు బొమ్మ దొరికేదాకా మళ్ళీమళ్ళీ పడతాయి. ఆ పునరుక్తికి ఒక లక్ష్యం ఉంటుంది కనుక అది బట్టీ కాదు.

ఈ ఆట కోసం జట్లుగా విడిపోతే పిల్లలు తెలుగులోకి జారతారని, పెద్ద తరగతిలో అల్లరి తప్పదని అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగినది కాదు. ప్రభు కూడా జట్టుపనికి మొగ్గు చూపలేదు; పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటే తప్పు రూపాలే స్థిరపడతాయని ఆయన భయం. అందుకే కార్డు టీచర్ దాచి, తరగతి మొత్తం ఒక్కొక్కరుగా అడగడం మేలు. ఏ ప్రశ్న అడగాలో తెలుగులో తర్జనభర్జన పడినా నష్టం లేదు. అడిగేది ఇంగ్లీషులో ఉంటే చాలు. దీనికంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: రూపాన్ని వర్ణించమంటే ఒంటి రంగు, లావు మీద ఎగతాళి మొదలవుతుందని. తోటి పిల్లల్ని కాక బొమ్మల్నే వర్ణింపజేయడం మొదటి జాగ్రత్త. ఇక రంగు సంగతి ఆట తర్కమే తేలుస్తుంది. నలుపా, చామనఛాయా అన్నది అవును-కాదులతో తెగదు. చూసే కంటిని బట్టి మారుతుంది. అలాంటిది ఆనవాలుగా పనికిరాదు, ఆటలోంచి తీసేస్తే పోయేదీ లేదు.

2020-21 నుంచి మన ప్రభుత్వ బడుల్లోకి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. రెండు భాషల మధ్య నిత్యం తిరిగే ఈ పిల్లలకు కావలసింది మరిన్ని పదాలు కాదు, ఉన్న పదాలతో పని జరిగే సందర్భం. అట్టముక్కల మీద గీసిన 24 స్థానిక ముఖాలతో ఆ సందర్భాన్ని ఏ లంక గ్రామపు బడైనా సమకూర్చుకోగలదు. బొమ్మలు గీసే పనినీ, ఏ ప్రశ్న ఎందరిని విడదీస్తుందో లెక్కకట్టే పనినీ పిల్లలకే అప్పగిస్తే, పాఠం సగం అక్కడే పూర్తవుతుంది.