నిప్పు ఒక్కటే, మందులు వేరు

అగ్నిశేషం, ఋణశేషం, శత్రుశేషం ఉంచకూడదని పెద్దలంటారు. మరి ఆ నిప్పును దేనితో ఆర్పాలి? నీళ్లతో అని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. ఆ జవాబు సగమే నిజం. మిగతా సగం నేర్చుకోవడానికి ప్రపంచానికి వందేళ్లకు పైనే పట్టింది. గోడకు వేలాడే ఎర్ర సిలిండర్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ లోపలి సరుకు ఒకటి కాదు. అది ఎలా మారుతూ వచ్చిందో తెలిస్తే, ఎక్కడ ఏది పెట్టాలో కూడా మనకు తెలుస్తుంది.

సిలిండరు పుట్టుక

ఇంగ్లండులో జార్జ్ విలియం మాన్బీ అనే కెప్టెన్ 1818 ప్రాంతంలో ఒక రాగి పాత్ర తయారు చేశాడు. అందులో మూడు గ్యాలన్ల పొటాషియం కార్బొనేట్ ద్రావణం, దాన్ని బయటికి తోసేందుకు ఒత్తిడి పెట్టిన గాలి ఉండేవి. మనిషి చేత్తో మోసుకెళ్లగల సాధనాల్లో ఇది తొలినాటిది. మన యానాం ఫ్రెంచివారి పాలనలో ఉన్న రోజుల్లోనే, 1866లో, ఫ్రాన్సులో ఫ్రాంస్వా కార్లియే సోడా, ఆమ్లం కలిసే సిలిండరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ రెండూ కలిస్తే వాయువు పుట్టి నీటిని జోరుగా బయటికి తోస్తుంది. కర్ర, గుడ్డ, కాగితం మండితే ఇది చాలు.

తరువాత పెట్రోలు, కిరోసిన్ వాడకం పెరిగింది. అక్కడ నీళ్లు పనిచేయలేదు. నూనె నీటికంటే తేలిక కదా! నీళ్లు పోస్తే అవి అడుగుకు పోతాయి, మండే నూనె పైన తేలి నలుదిక్కులా పాకుతుంది. చమురు బావులున్న బాకు నగరంలో అలెగ్జాండర్ లోరాన్ అనే ఉపాధ్యాయుడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. అదే నురుగు. నూనె మీద దుప్పటిలా పరుచుకుని గాలి తగలకుండా చేస్తుంది.

కరెంటు వచ్చాక ఇంకో చిక్కు. నీళ్లలోనూ, నురుగులోనూ కరెంటు పారుతుంది, ఆర్పబోయినవాడికే షాకు కొడుతుంది. మొదట కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడారు. మంట ఆరేది గానీ వేడికి దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టేది. అందుకని అమెరికాలో 1924లో వాల్టర్ కిడ్డె కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తయారు చేసింది. ఆ తరువాత పొడి సిలిండర్లు వచ్చాయి. హేలాన్ వాయువులు కూడా వచ్చాయి గానీ, అవి ఓజోన్ పొరను పాడుచేస్తాయని తేలడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కిందికి తెచ్చి క్రమంగా తగ్గించారు.

మన చుట్టుపక్కల నేర్పిన పాఠాలు

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ గ్యాసు బావి బద్దలై అంటుకుంది. ఆ మంట 65 రోజుల పాటు మండింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. విదేశీ నిపుణులను కూడా రప్పించి, చివరికి మార్చి 15న బావిని అదుపులోకి తెచ్చారు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాసు లీకై పేలుడు జరిగి సుమారు 60 మంది చనిపోయారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాసు అంటుకుని ఇరవై మందికి పైగా బలయ్యారు.

ఈ మూడూ చెప్పేది ఒకటే. గ్యాసు మంటకు మొదటి మందు గ్యాసు రాకుండా కట్టేయడం. లీకు ఆపకుండా మంట ఒక్కటే ఆర్పితే గ్యాసు పోగుపడి, ఎక్కడో చిన్న నిప్పురవ్వ తగిలి పేలిపోతుంది.

బడుల విషయానికొస్తే కుంభకోణాన్ని మరచిపోలేం. 2004 జూలై 16న అక్కడి ఒక పాఠశాలలో వంటగది నిప్పు ఆకుల కప్పుకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. సికింద్రాబాదులో 2022 సెప్టెంబరు 12న ఒక హోటలు భవనం కింది ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట లేచి, పొగ పైకెక్కి 8 మంది మరణించారు. లిథియం బ్యాటరీ ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది. దాన్ని ఎక్కువ నీళ్లతో చల్లబరచాలి. అది ఫైర్ సిబ్బంది పని, మనం బయటికి వచ్చేయాలి.

ఎక్కడ ఏది పెట్టాలి?

మన దేశంలో ఐఎస్ 2190 అనే ప్రమాణం దీన్ని చెబుతుంది. సిలిండరు మీద అక్షరాలుంటాయి. కర్ర, కాగితం, గుడ్డలకు ఎ, పెట్రోలు, కిరోసిన్ వంటి ద్రవాలకు బి, గ్యాసుకు సి, మెగ్నీషియం వంటి లోహాలకు డి, వంటనూనెకు ఎఫ్.

తరగతి గదులు, గ్రంథాలయం: నీళ్ల సిలిండరు గానీ ఎబిసి పొడి గానీ.

కంప్యూటర్ గది, కరెంటు బోర్డు: ముందు మెయిన్ ఆపాలి. కార్బన్ డయాక్సైడ్ మంచిది, ఎందుకంటే యంత్రాల మీద మరక మిగలదు. పొడి కూడా ఆర్పుతుంది గానీ కంప్యూటర్లు పాడవుతాయి. చిన్న గదిలో ఈ వాయువు కొట్టాక లోపల నిలబడకూడదు, ఊపిరాడదు.

మధ్యాహ్న భోజనం వంటగది: బాణలి అంటుకుంటే నీళ్లు పోయనే కూడదు. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను మీదికి చిమ్ముతాయి. పొయ్యి కట్టేసి మూత పెట్టాలి. నూనె ఎక్కువ వాడే చోట ఎఫ్ రకం ఉండాలి.

పెట్రోలు బంకు, మోటారు పడవలు: నురుగు, పొడి. వాటితో పాటు ఇసుక బకెట్లు.

ఇల్లు: ఒక చిన్న ఎబిసి పొడి సిలిండరు, గుమ్మానికి దగ్గరగా. మంట దాటి వెళ్లి తెచ్చుకోవలసిన చోట పెడితే ఉన్నా లేనట్టే.

చివరిగా

సిలిండరు కొనడం ఒక్కటే చాలదు. ముల్లు పచ్చ గీతలో ఉందా, గడువు తేదీ ఎప్పుడు అని చూస్తుండాలి. వాడేటప్పుడు పిన్ను లాగి, గొట్టం మంట మొదట్లోకి గురిపెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. చిన్న సిలిండరు నిమిషం కూడా రాదు. అందుకే మంట మన ఎత్తు దాటితే దాన్ని వదిలేసి బయటికి పరుగెత్తి 101కి ఫోను చేయాలి. కుంభకోణం పిల్లలకు సిలిండరు కంటే ముందు కావలసింది బయటికి పోయే దారి.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి ఎందరో అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలిచ్చారు. వారి జ్ఞాపకంగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మిత్రులారా! మన కనకాలపేటలో ఈసారి ఆ వారంలో ఒక పని చేద్దాం. మీ ఇంట్లో, నాన్నగారు పనిచేసే చోట, మీ వీధి దుకాణంలో సిలిండరు ఉందో లేదో చూడండి. ఉంటే దాని మీది అక్షరం చదవండి. అక్కడ మండే వస్తువుకూ ఆ అక్షరానికీ పొత్తు కుదరకపోతే పెద్దవాళ్లకు చెప్పండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?