భూమి పద్దులో సున్నా: పట్టణ ఆటస్థలం విస్తరణ, దళితుల లెక్క

పట్టణానికి పెద్ద ఆటస్థలం కావాలంటే కాదనేవాళ్లు ఉండరు. మేమూ కాదనం. పేటల పిల్లలు పరుగు పందేల్లో నిలవాలంటే వాళ్లకీ నాలుగు వందల మీటర్ల ట్రాక్ కావాలి. అయితే ఆటస్థలం విస్తరణ అనగానే కౌన్సిల్ బల్ల మీదికి వచ్చే ఎస్టిమేటుని మనం ఎప్పుడైనా వరసగా చదివామా? మట్టికి ఇంత, ప్రహరీకి ఇంత, గ్యాలరీకి ఇంత, లైట్లకి ఇంత అని ఉంటుంది. భూమి దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు సున్నా. ప్రభుత్వ భూమి కాబట్టి ఖర్చు లేదని దాని అర్థం. మా వాదన ఆ సున్నా గురించే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో దళితులు ఆ సున్నాని ఎలా చదవాలో ఈ వ్యాసంలో చూస్తాం.

నాలుగెకరాల కొలత

ముందు కొలతలు చూద్దాం. ఎనిమిది లేన్ల నాలుగు వందల మీటర్ల ట్రాక్‌కి సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి. అంటే ట్రాక్‌కే నాలుగెకరాలు. చుట్టూ ఖాళీ, గ్యాలరీ, గదులు, దారి కలిపితే ఇంకా పెరుగుతుంది. చెడుగుడు బరికి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలు. ట్రాక్ పట్టే జాగాలో అలాంటి బరులు నూట ఇరవైకి పైగా పడతాయి. పేటల్లో ఎక్కువగా చెడుగుడే ఎందుకు ఆడారంటే అది రక్తంలో ఉండి కాదు. వాళ్లకి దక్కిన జాగా అంతే.

స్కూలు గ్రౌండంత ఉన్న ఆటస్థలం స్టేడియం కావాలంటే పక్క భూమి కలవాలి. పట్టణం మధ్యలో ఉన్న మేడల్ని ఎవరూ కొట్టరు. కాబట్టి చూపు పోయేది అంచులకే. కాలువ గట్టు, డ్రెయిను పోరంబోకు, శ్మశానం పక్క ఖాళీ, పశువులు మేసే చోటు, ఎప్పుడో పంచిన డీకేటీ పట్టా భూమి. సర్వేలో ఇవన్నీ 'ఖాళీ'గా కనపడతాయి. కానీ ఆ ఖాళీలోనే పేట బతుకుతుంది. బర్రె కట్టేదక్కడ, పిల్లలు ఆడేదక్కడ, పెద్దల్ని పూడ్చిపెట్టుకునేదీ అక్కడే.

రెండో లెక్క మట్టిది. కొల్లేటి దేశమంతా పల్లం, నల్లరేగడి. ట్రాక్ మీద నీళ్లు నిలవకూడదంటే మెరక చెయ్యాలి. నాలుగెకరాలు ఒక్క మీటరు లేపాలంటే పదహారు వేల ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఇంజనీర్లు ఈ లెక్క బాగానే కడతారు. మరి ఇదివరకు ఆ పల్లంలో నిలిచిన వాన నీళ్లు ఇప్పుడెక్కడికి పోవాలి? తమ్మిలేరు రెండు పాయలై ఏలూరుని ఆనుకుని పారి కొల్లేట్లో కలుస్తుంది. పొంగినప్పుడు ముందు మునిగేది పల్లపు పేటలే. నీరు పల్లమెరుగు అంటారు. ఇంజనీరుకీ పల్లం తెలుసు. ఆ పల్లంలో ఎవరున్నారో రాయడానికి ఎస్టిమేటులో గడి లేదు, అంతే. ఆటస్థలం చుట్టూ డ్రెయిను వెయ్యకుండా మెరక చేస్తే గ్రౌండు ఖర్చులో కొంత భాగం పేట మీద పడ్డట్టే. మునిగిన బియ్యం, కూలిన గోడ, పోయిన కూలి రోజులు ఏ పద్దులోనూ ఎక్కవు.

'ప్రజలు చేరే స్థలం' ఎవరిది?

ఆటస్థలం అందరిదీ గదా, మీకొచ్చిన నష్టమేంటి అని అడుగుతారు. 'అందరిదీ' అనే మాట దళితుల వరకు ఎప్పుడూ పోరాడి తెచ్చుకున్నదే. 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టారు. దాని మీద సెప్టెంబరులో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. రోడ్లు, బావులు, చెరువులు, ఆఫీసులు, ప్రజలు చేరే స్థలాల్లోకి అణగారిన వర్గాల వాళ్లు వెళ్లడానికి అభ్యంతరం లేదని అందులో ఉంది. ఏలూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో, కృష్ణా జిల్లాలో ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో గాని ఏర్పడలేదు. అదే 1924లో మహద్ మున్సిపాలిటీ తన చెరువుని అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. ఆ చెరువు నీళ్లు తాగడానికి 1927 మార్చిలో అంబేద్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. ఆగస్టులో మున్సిపాలిటీ ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. కాగితం మీద తెరిచిన స్థలాన్ని మళ్లీ కాగితం మీదే ఎలా మూస్తారో మహద్ చూపించింది.

'ప్రజలు చేరే స్థలాలు' అనే మాట తర్వాత రాజ్యాంగం 15(2) అధికరణలోకి వచ్చింది. పూర్తిగా గాని కొంతగా గాని ప్రభుత్వ ధనంతో నడిచే అలాంటి చోట కులం పేరుతో అడ్డు పెట్టకూడదు. రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగినప్పుడు, ప్రజాధనంతో నడిచే శ్మశానం కూడా ఈ మాట కిందికి వస్తుందని అంబేద్కర్ జవాబు చెప్పారు. శ్మశానం వచ్చినప్పుడు ఆటస్థలం రాదా?

అయితే ఇప్పుడు అడ్డు కులం పేరుతో రాదు. గేటు, టైము, ఫీజు, మెంబర్‌షిప్ పేర్లతో వస్తుంది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన రన్‌వే ఉంది. విమానాలు పోయాక ఏళ్ల తరబడి అది ఊరి జనం పొద్దుటి నడకకీ, కుర్రాళ్ల పరుగుకీ పనికొచ్చింది. ఆటస్థలం పేరుతో దానికి బడ్జెట్ లేదు, గేటూ లేదు. బడ్జెట్ వచ్చిన చోట మొదట లేచేది ప్రహరీ. ప్రహరీ వద్దని మేం అనం. దాని గేటు ఏ వైపు పెడుతున్నారు, పేట వైపు దారి ఉందా లేదా అనేది ప్లానులోనే తేలాలంటాం.

ఇంటి స్థలానికి వాయిదాలు, ఆటస్థలానికి సున్నా

1920 దశకంలో మద్రాసు ప్రభుత్వ లేబర్ శాఖ దళితుల ఇళ్ల స్థలాల కోసం భూమి సేకరించింది. అది దానం కాదు. సహకార సంఘాల ద్వారా ఆ ధరని వాయిదాల్లో వాళ్ల దగ్గరే రాబట్టింది. అంటే దళితుడికి ఇచ్చేటప్పుడు భూమికి ధర ఉంది. దళితుడి దగ్గర తీసుకునేటప్పుడు ఆ ధర ఏమైంది?

డీకేటీ పట్టాలో ఒక షరతు ఉండేది: ప్రజావసరం వస్తే ప్రభుత్వం పరిహారం లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. ఎస్టిమేటులో సున్నా పుట్టింది ఇక్కడే. 1993 డిసెంబరులో వచ్చిన 1307 నంబరు జీవో మార్కెట్ విలువకి సమానంగా ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలంది. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది, హక్కు కాదు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ దయని హక్కు చేసింది. సొంత పట్టాదారుతో సమానంగా అసైన్డ్ పట్టాదారుకీ పరిహారం రావాలంది. 2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు వేసింది. భూమి లేకపోయినా, మూడేళ్లుగా దాని మీద బతికే కూలీనీ కౌలుదారునీ నష్టపోయిన కుటుంబం కింద లెక్కించింది. కాబట్టి అసైన్డ్ భూమి కలుపుకునే ఎస్టిమేటులో సున్నా వేస్తే అది పొదుపు కాదు, చట్టం ఎగ్గొట్టడం.

'విభజించలేని' పని

ఇక డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? 1979–80 నుంచి స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ ఉంది. దళితుల జనాభా నిష్పత్తిలో ప్రణాళిక డబ్బు వాళ్లకి ఖర్చు చెయ్యాలనేది దాని సారం. అది ఆటల కిందికి ఎలా పోతుందో ఢిల్లీ చూపించింది. ఆ డబ్బుని 2010 కామన్వెల్త్ క్రీడల పనులకి మళ్లించినట్టు అప్పటి హోంమంత్రి చిదంబరం రాజ్యసభలోనే ఒప్పుకున్నారు.

ఉద్యమం ఒత్తిడితో 2013లో మన రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. పదేళ్ల గడువు ముగిసే సమయానికి, 2023 జనవరిలో, దాన్ని మరో పదేళ్లు పొడిగించారు. మంచిదే. కానీ ఆ చట్టంలోనే ఒక సందు ఉంది. విభజించలేని మౌలిక వసతుల పనుల్లో కొంత భాగాన్ని దళితుల కోసం ఖర్చయినట్టు భావించవచ్చు. రోడ్డు, వంతెన, స్టేడియం లాంటివి విభజించలేనివే గదా అంటారు. భూమి మాత్రం విభజించగలిగారు: పేట అంచు నుంచి విడదీసి తీసుకున్నారు. ఖర్చు రాసేటప్పుడు మాత్రం విభజన కుదరదట!

ఆటస్థలం బడ్జెట్‌లో దళితులు తప్పకుండా కనపడే చోటు కూలి పద్దు. ఊడ్చేవాళ్లు, రోలరు లాగేవాళ్లు, కాపలావాళ్లు. పల్వంకర్ బాలూ అనే చమార్ కుర్రాడు పూణె క్లబ్బుల్లో పిచ్ చదును చేస్తూ, నెట్లు కడుతూ బౌలింగ్ నేర్చాడు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. అంతటివాడికీ హిందూ క్లబ్బులో టీ ఇచ్చింది పెవిలియన్ బయట, మట్టి ముంతలో. గ్రౌండు చదును చేసిన చెయ్యే గ్రౌండు గెలిచిందనడానికి ఇది సాక్ష్యం. గెలిచినా లోపలికి రానివ్వలేదనడానికీ ఇదే సాక్ష్యం.

కౌన్సిల్లో అడగాల్సినవి

74వ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చాక మున్సిపల్ కౌన్సిళ్లలో దళితులకి సీట్లు రిజర్వయ్యాయి. ఆ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో ఆటస్థలాలు, మురికివాడల అభివృద్ధి, బలహీనవర్గాల ప్రయోజనాల రక్షణ మూడూ మున్సిపాలిటీ పనులుగానే ఉన్నాయి. కాబట్టి మన కౌన్సిలర్లు ఆటస్థలం అజెండా వచ్చినప్పుడు చెయ్యెత్తి ఊరుకోకూడదు. కలుపుకునే ప్రతి సెంటూ ఎవరి వాడుకలో ఉందో సర్వే నంబరు వారీగా రాయమనాలి. పరిహారాన్ని ఎస్టిమేటులో మొదటి పద్దుగా పెట్టమనాలి. మెరక పనితో పాటే పేటకి డ్రెయినూ మంజూరు చేయించాలి. సబ్‌ప్లాన్ డబ్బు ఒక్క రూపాయి కలిసినా అది దళిత పిల్లలకి దేనికి ఖర్చయిందో, ఎంతమందికి అందిందో చూపించమనాలి. హాస్టలు పిల్లలకి ఫీజు లేకుండా ఏ గంటలు కేటాయిస్తారో తీర్మానంలోనే రాయించాలి.

విద్యార్థులూ టీచర్లూ చెయ్యగలిగిన పని ఒకటుంది. మీ పట్టణంలో ఆటస్థలం ఫైలు, పాత సర్వే పటం సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి. పేటలో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఆ పటం మీద ఏ గుంట ఎవరిదో, ఏ చెట్టు కింద ఎవర్ని పూడ్చారో గుర్తు పెట్టించండి. భూమి పద్దులో సున్నా కొట్టేసి రాయాల్సిన అంకె ఆ పటంలోనే దొరుకుతుంది.