స్లాబు దాకా వచ్చిన సర్కారు సొమ్ము

నల్గొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో ఉంటుంది వేములపల్లి. మే నెలలో ఇక్కడి స్లాబు ఇళ్లల్లో రాత్రిపూట ఫ్యాను వేస్తే వేడిగాలే దిగుతుంది. పగలంతా ఎండను మింగిన కాంక్రీటు పొద్దుగూకాక ఆ వేడిని లోపలికి వదులుతుంది. జనం సాయంత్రం డాబా మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించి, అక్కడే చాపలు పరుచుకునేది అందుకే. ఇలాంటి స్లాబులు చాలావాటికి పడ్డ బిల్లు సర్కారుదే. వాన నుంచి, నిప్పు నుంచి పేదవాణ్ని కాపాడిన ఆ సొమ్ము ఎండ దగ్గర ఎందుకు ఆగిపోయింది?

ఒకప్పుడు ఈ ప్రాంతంలో కలిగినవాళ్లకు మిద్దెలు, గూన పెంకుటిళ్లు ఉండేవి. మిద్దె మీద దూలాలు, వాసాలు పరిచి, ఆపైన కంప, మందంగా మట్టి వేసేవారు. ఆ మట్టి మందమే ఎండకు అడ్డు. పేదలకు దక్కింది తాటికమ్మల గుడిసె. అది చల్లగానే ఉండేది గానీ నిప్పురవ్వ పడితే మిగిలేది కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్గొండ జిల్లా పల్లెలు ఈ సంగతి అనుభవించి తెలుసుకున్నాయి. నిజాం పక్షాన నిలిచిన రజాకార్లు ఊళ్లమీద పడి ఇళ్లు తగలబెట్టేవారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన పోయినా పోరాటం ఆగలేదు. కాలిన చోటే జనం మళ్లీ కమ్మలు కప్పుకున్నారు. ‘పక్కా ఇల్లు’ అన్న ఆశ బలపడడం వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమ కాలువ కింద వరి పండిన కొద్దీ ఆ ఆశకు డబ్బు తోడైంది. పేదల ఇళ్లను ప్రభుత్వం పెద్ద ఎత్తున తలకెత్తుకునేలా చేసింది మాత్రం కోస్తా విపత్తు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1979లో ఉమ్మడి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం పేదలకు పక్కా ఇళ్లను ప్రధాన కార్యక్రమంగా తీసుకుంది.

ఇల్లు కట్టించడంతో పాటు ఇంట్లో ఇంధనమూ ఆదా చేయాలన్న ఆలోచన సర్కారుకు వచ్చింది కప్పు గురించి కాదు, పొయ్యి గురించి. 1980లలో కేంద్రం పొగరాని పొయ్యిల పథకం చేపట్టింది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో మరుగుదొడ్డితో పాటు ఈ పొయ్యికీ చోటు దక్కింది. కట్టెలు ఆదా కావాలి, ఆడవాళ్ల కళ్లకు పొగ తప్పాలి అన్నది ఉద్దేశం. పొగగొట్టం పూడుకుపోతే బాగుచేసే నాథుడు లేక చాలాచోట్ల ఆ పొయ్యిలు మూలపడ్డాయి. తర్వాత గ్యాసు వచ్చింది. ఇంటి బిల్లులో ఇంధనం ఊసే లేకుండా పోయింది.

2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ పథకంతో ఊరూరా ఇళ్లు కట్టించింది. 2015లో తెలంగాణలో 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన కొత్త ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల సాయం. పునాది, గోడలు, స్లాబు, పూర్తి అని నాలుగు దశల్లో బిల్లు పడుతుంది. ఇల్లు ఎంత లేచిందో కొలిచే దశలివి. ఇంట్లో ఎంత వేడి ఉందో కొలిచేది వీటిలో ఒక్కటీ లేదు.

ఆ లెక్క ప్రభుత్వాలకు తెలియనిదేం కాదు. 2015 వేసవి వడగాలులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోతే, ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవారే. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ల కప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర వేసి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం వెలువడింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు దాని లక్ష్యం. అయితే సొంత ఇళ్లలో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే ఇది తప్పనిసరి. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా 500 చదరపు మీటర్లు దాటిన స్థలాలనే చూస్తుంది. అంటే నియమం పెద్ద ఇంటికి, సొమ్ము చిన్న ఇంటికి. రెండూ ఒకే గుమ్మం దగ్గర కలుసుకోవడం లేదు.

కలపడం అసాధ్యం కాదు. బాంబులు పడుతున్న ఉక్రెయిన్‌లోనే ఇంధన సామర్థ్య నిధి 2022 నుంచి పాడైన అపార్ట్‌మెంట్ల కిటికీలకు, కప్పులకు డబ్బిస్తోంది. అక్కడి శత్రువు చలి, ఇక్కడి శత్రువు ఎండ. ఇంటికి సొమ్ము ఇచ్చేటప్పుడే వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలన్న సూత్రం మాత్రం ఒక్కటే. మనకు కావలసింది పెద్ద యంత్రాంగమూ కాదు. చివరి బిల్లు పడేముందు స్లాబుకు తెల్లటి పూత పడిందా లేదా అని ఇంజినీరు చూడాలి, ఆ పూత ఖర్చు సాయంలో కలపాలి. 2006 నాటి ఇళ్లకూ అదే పద్దు తెరవాలి. నలభై ఏళ్ల కిందట పొయ్యిని ఇంట్లో భాగంగా గుర్తించగలిగిన సర్కారుకు, కప్పు మీది సున్నాన్ని గుర్తించడం కష్టమేమీ కాదు.