షెడ్యూల్డు ప్రాంతంలో పట్టణ స్వపరిపాలన: భూరియా కమిటీ నుండి భద్రాచలం వరకు

ఖమ్మం మైదానం దాటి గోదావరీ తీరపు అడవుల వైపు సాగే ప్రాంతంలో పాల్వంచ, మణుగూరు, భద్రాచలం పట్టణాలున్నాయి. ఈ మూడూ రాజ్యాంగం ఐదవ షెడ్యూలు పరిధిలోనివి. పాల్వంచ, మణుగూరు పురపాలక సంఘాలుగా ఏర్పడినా, ఎన్నికైన పాలకవర్గాలు లేక ఏళ్ళ తరబడి ప్రత్యేకాధికారుల పాలనలో నడిచాయి. 2011 జనగణనలో సుమారు 50 వేల జనాభాతో పట్టణంగా నమోదైన భద్రాచలం, పాలనాపరంగా గ్రామపంచాయతీయే. ఈ వైరుధ్యానికి మూలాన్ని స్థానిక రాజకీయాలలో కంటే శాసన నిర్మాణ క్రమంలో వెదకటం సమంజసం.

73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చాయి. 243ఎం, 243జెడ్‌సి అధికరణాలు షెడ్యూల్డు ప్రాంతాలను వీటి పరిధి నుండి మినహాయించాయి. తగిన మార్పులతో వీటిని ఆ ప్రాంతాలకు విస్తరింపజేసే అధికారం పార్లమెంటుకే దక్కింది. ఆ మార్పులను సూచించటానికి 1994లో మధ్యప్రదేశ్‌కు చెందిన ఆదివాసీ పార్లమెంటు సభ్యుడు దిలీప్‌సింగ్ భూరియా అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. పంచాయతీలపై నివేదికను 1995 జనవరిలో సమర్పించిన ఈ కమిటీ, పట్టణ ప్రాంతాలపై విడిగా మరొక నివేదికను అందజేసింది. ఈ రెండు నివేదికల అనంతర చరిత్ర భిన్నమైనది.

మొదటి నివేదిక ఫలితంగా 1996 డిసెంబరులో పెసా చట్టం వచ్చింది. సంప్రదాయానుసారం తమ వ్యవహారాలను నిర్వహించుకొనే జనావాసాన్ని గ్రామంగా ఈ చట్టం నిర్వచించింది. పంచాయతీ అధ్యక్ష పదవులను అన్ని స్థాయిలలోనూ షెడ్యూల్డు తెగలకు కేటాయించింది. పట్టణాల విషయంలో 2001లో రాజ్యసభ ముందుకు వచ్చిన బిల్లు చట్టరూపం దాల్చలేదు. గ్రామానికి నిర్వచనం లభించింది. పట్టణం అనిర్వచితంగా మిగిలింది.

ఈ శూన్యాన్ని రెండు కోణాల నుండి పరిశీలించాలి. పురపాలక హోదా వస్తే పెసా కల్పించిన గ్రామసభ అధికారాలు, పదవులు చేజారుతాయన్న ఆదివాసుల ఆందోళన నిరాధారం కాదు. అయితే భూబదలాయింపును నిషేధించే 1959 నాటి 1వ రెగ్యులేషన్, దానిని కఠినతరం చేసిన 1/70 సవరణ ఐదవ షెడ్యూలుపై ఆధారపడినవి. స్థానిక సంస్థ రూపం మారినంత మాత్రాన అవి రద్దు కావు. మరోవైపు, ఎన్నికలు లేని పురపాలక సంఘంలో ఆదివాసికి గాని, ఆదివాసేతరునికి గాని ప్రశ్నించే వేదిక ఉండదు. రక్షణ కోసం రాజ్యాంగం కల్పించిన మినహాయింపు, పూరక శాసనం రానందువల్ల, ప్రాతినిధ్య లేమిగా పరిణమించింది.

భద్రాచలం సరిహద్దులు పలుమార్లు మారాయి. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఎల్లలను ఇన్నిసార్లు సవరించిన శాసనవ్యవస్థ, ఎల్లల లోపలి పట్టణ పాలనా స్వరూపాన్ని మాత్రం తేల్చలేదు. ఆదివాసీ హక్కుల రక్షణ, పట్టణ ప్రాతినిధ్యం పరస్పర విరుద్ధాలన్న భావన ఈ జాప్యం నుండి బలపడిందే. ఆ రెండింటినీ సమన్వయపరచటమే భూరియా కమిటీకి అప్పగించిన పని. అందులో సగం నేటికీ అసంపూర్ణంగానే ఉంది.