శ్రోతకు లైసెన్సు, శబ్దానికి స్వేచ్ఛ: వెలిగండ్ల ప్రాంతం నేపథ్యంగా రేడియో అంతరాయ చరిత్ర

ప్రసారాల చరిత్ర అనగానే కేంద్రాలు, కళాకారులు, నాటకాలు గుర్తుకు వస్తాయి. వినికిడికి అడ్డుపడిన గరగర ఆ చరిత్రలోకి ఎక్కదు. పశ్చిమ ప్రకాశంలోని వెలిగండ్ల వంటి మెట్ట ప్రాంతాల విషయంలో అది చిన్న సంగతి కాదు. మద్రాసు ఆకాశవాణి 1938లో మొదలైనప్పుడు ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉంది. 1970లో కొత్త జిల్లాలో చేరింది. 1948లో విజయవాడ, 1963లో కడప కేంద్రాలు వచ్చినా వెలిగండ్లకు అవి దూరమే. దూరం పెరిగేకొద్దీ మీడియం వేవ్ సంకేతం సన్నగిల్లుతుంది. ఊళ్లోనే పుట్టే విద్యుత్ శబ్దానికి ఆ ఇబ్బంది లేదు.

ఈ శబ్దాన్ని అదుపు చేయవలసిన బాధ్యత ఎవరిది? 1933 ఈ ప్రశ్నకు కీలకమైన సంవత్సరం. ఆ ఏడు వచ్చిన భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, లైసెన్సు లేకుండా రేడియో సెట్టు దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించింది. మరుసటి ఏడు పారిస్‌లో ఏర్పడిన సి.ఐ.ఎస్.పి.ఆర్. అనే అంతర్జాతీయ సంఘం, శబ్దం పుట్టించే పరికరాలకు పరిమితులు, కొలత పద్ధతులు నిర్ణయించడానికి పూనుకుంది. చట్టం శ్రోతను పట్టుకుంది, సంఘం యంత్రాన్ని పట్టుకుంది. రుసుము కట్టిన శ్రోతకు నిశ్శబ్దం మీద హక్కేదీ ఆ లైసెన్సు వల్ల దక్కలేదు.

1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడిన తరువాత పల్లెలకు తీగలు విస్తరించాయి. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టరు కరెంటు పోయినప్పుడు మరింత స్పష్టంగా పలకడానికి కారణం ఈ తీగలే. అవి శబ్దాన్ని మోయడమే కాక ఏరియల్‌లా వెదజల్లుతాయి. అయితే పొలం మోటార్లనే నిందించడం సరికాదు. పంపుసెట్లలో వాడే ఇండక్షన్ మోటారుకు బ్రష్షులుండవు. స్టార్టరు కలిసినప్పుడు, విడిపోయినప్పుడు మాత్రమే టప్పుమంటుంది. ఎడతెగని గరగరకు వదులైన జంపరు, పగిలిన పింగాణీ ఇన్సులేటరు, మిక్సీ బ్రష్షుల నిప్పురవ్వలు కారణాలు.

దీనికి విరుగుడు వడపోతే. కరెంటు దారిలో తీగచుట్ట, తీగల నడుమ కెపాసిటరు అమరిస్తే 50 హెర్ట్జ్ విద్యుత్తు సాఫీగా సాగిపోతుంది. లక్షల హెర్ట్జ్ శబ్దాన్ని చుట్ట అడ్డగిస్తుంది, కెపాసిటరు వెనక్కి మళ్లిస్తుంది. ఈ వడపోత శబ్దం పుట్టినచోటే ఉండాలి. రేడియో ప్లగ్గు దగ్గర ఎంత మంచి ఫిల్టరు పెట్టినా, గాలిలోంచి ఏరియల్‌కు చేరేది ఆగదు. శ్రోతను కట్టడి చేసే విధానం సాంకేతికంగానూ ఎందుకు చాలదో ఇక్కడ తెలుస్తుంది.

పరిభాషలోనూ ఒక చిక్కుంది. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ‘వ్యతికరణం’ కాంతి తరంగాల కలయికకు స్థిరపడింది. మిక్సీ రొదకు అదే మాట వాడితే విద్యార్థి పొరబడతాడు, ‘అంతరాయం’ మేలు.

రేడియో లైసెన్సులు 1980లలో రద్దయ్యాయి. అంతరాయం మిగిలింది. ఎల్.ఇ.డి. బల్బుల్లో, ఛార్జర్లలో విద్యుత్తును సెకనుకు వేల సార్లు తెంచి కలిపే సర్క్యూట్లుంటాయి. వాటి హార్మోనిక్‌లు మీడియం వేవ్ దాకా పాకుతాయి. ఐ.ఎస్. 6873 ప్రమాణం ఇటువంటి శబ్దానికి హద్దులు చెబుతుంది. చౌక రకాల్ని విప్పి చూస్తే, తీగచుట్టకు కేటాయించిన జాగా కొన్నిటిలో ఖాళీగా కనిపిస్తుంది; రెండు రంధ్రాల మధ్య ఒక తీగముక్క అతికించి ఉంటుంది.