ఎగతాళి మాటలు

ఎదుటివారిని ఉడికించడానికో, చిన్నబుచ్చడానికో చేసే నవ్వులాటకు తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. ఎగతాళి, వెక్కిరింత, గేలి, హేళన, వెటకారం, ఎకసెక్కం, ఎద్దేవా, మేలం వాటిలో ముఖ్యమైనవి. నిఘంటువుల్లో ఒకదానికి అర్థంగా మరొకటి కనిపిస్తుంది. వాడుకలో మాత్రం ఒకదాని చోట ఇంకొకటి ఇమడదు.

వెక్కిరింతకు మాటే అక్కర్లేదు. నాలుక చాపినా, మూతి వంకర తిప్పినా, ఎవరి నడకనైనా అనుకరించినా చాలు. ప్రాణం లేనివీ వెక్కిరిస్తాయి: నెలాఖరులో ఖాళీ జేబు చేసే పని అదే. వెటకారం ఉండేదంతా గొంతులోనే. పొద్దెక్కి లేచినవాణ్ణి "అప్పుడే లేచారేం, దొరగారూ?" అంటే పైకి అది మర్యాదే, ఆ 'గారు' దగ్గరే చురక తగులుతుంది. ఈ విద్యలో గోదావరి జిల్లాలకు పేరుంది. అక్కడివారు ఆ పేరును నిందగా తీసుకోరు సరికదా, కాస్త మురుస్తారు కూడా.

హేళనలో ఉన్నది తక్కువచూపు. కులాన్ని, ఒంటిరంగును, పేదరికాన్ని, యాసను పట్టుకుని అనే మాటకు తగిన పేరు ఇదే. సరదాకన్నానని సర్దిచెబితే చెల్లదు. తెలంగాణ యాసను విలన్లకూ హాస్యపాత్రలకూ కట్టబెట్టిందని తెలుగు సినిమాపై చాలాకాలం వినబడిన ఆరోపణ ఇలాంటి హేళన గురించే. ఎద్దేవా దాదాపు పత్రికల సొత్తు. వార్తల్లో నాయకులు ఒకరినొకరు ఎద్దేవా చేసుకుంటారు గానీ, ఇంట్లో అన్నదమ్ములు ఎగతాళే చేసుకుంటారు.

మేలానికి వరస కావాలి. బావామరదళ్లు, వదినామరదళ్లు, వియ్యాలవారు మేలమాడుకోవచ్చు. పెళ్లిలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడే పాటలు ఈ హక్కు మీదే నడుస్తాయి. అదే మాట వరస కానివారు అంటే తగువే. తెలంగాణలో ఇలాంటి సరదాను మజాక్ అనీ అంటారు.

సాహిత్యంలో ఎగతాళి ధోరణికి అధిక్షేపమని పేరు. పైకి తిట్టులా కనిపించే పొగడ్త నిందాస్తుతి. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో కృష్ణా తీరపు శ్రీకాకుళంలో వెలసిన విష్ణువునే ఇలా దెప్పాడు. 18వ శతాబ్దిలో గోగులపాటి కూర్మనాథకవి దండెత్తి వచ్చిన సేనలను అడ్డుకోవేమని సింహాచలం నరసింహస్వామిని ఎత్తిపొడిచాడు. దేవుడితో భక్తుడికి ఉన్న చనువు అలాంటిది.

సామెతల్లో ఉత్త 'నవ్వు' కూడా ఎగతాళే: నవ్విన నాపచేనే పండుతుందంటారు. సోషల్ మీడియాలో గుంపుగా సాగే గేలికి మాత్రం ట్రోలింగ్ అన్న పేరే స్థిరపడింది.